ఏడో నంబరు జుట్టు

మా ల్యాబులో అందరూ ఆమెను కడుగుడక్క అనేవాళ్ళు. ఎదురుగా కాదు, చాటుగానే. ఎదురుగా అనే ధైర్యం మా పెద్దసారుకే లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆమె చేసిన పని కడగడం. చిటికెన వేలంత ప్లాస్టిక్ సీసాలు, వాటి మూతలు, గరాటాలు, పట్టకార్లు, చివరికి మనుషుల వెంట్రుకలు, గోళ్ళు. సీసాలను ఒక రోజంతా ఆమ్లంలో నానబెట్టి, శుద్ధి చేసిన నీళ్ళతో మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, ఎవరి ఊపిరీ తగలకుండా సంచుల్లో దాచేది. ఎవరైనా ఉంగరం పెట్టుకుని ఆ గదిలో అడుగు పెడితే ఆ పూట వాళ్ళకి మూడినట్టే.

నేను చేరిన మొదటి వారంలోనే నాకూ తలంటింది. నా తప్పల్లా జడలో ఒక పిన్ను ఉండటం. "తలలో ఇనుము పెట్టుకుని ఇనుము వెతకడానికి వచ్చావా అమ్మాయ్?" అని అందరి ముందూ అడిగింది. నాకు అసలే ముక్కు మీద కోపం. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. నేను మాట్లాడటం లేదన్న సంగతి ఆమెకు తెలియనే తెలియదని ఆ తర్వాత తెలిసి ఇంకా ఒళ్ళు మండింది. ఆ మంట ఎప్పుడు చల్లారిందో, ఆమె టిఫిను డబ్బాలో చెయ్యి పెట్టే చనువు నాకు ఎప్పుడు వచ్చిందో చెప్పలేను. ఆమెను అక్కా అని పిలవడం మొదలుపెట్టాక మాత్రం ఇంకెవరినీ అలా పిలవలేకపోయాను.

మా పనేమిటో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మనిషి ఒంట్లో లోహాలుంటాయి. కొన్నయితే పది లక్షల పాళ్ళలో ఒక పాలు, అర పాలు మాత్రమే. అంత కొంచెం ఏ త్రాసుకీ అందదు. అందుకని ఆ మనిషి వెంట్రుకలనో, గోళ్ళనో సీసాలో మూసి పక్క భవనంలో ఉన్న రియాక్టరులోకి పంపుతాం. అక్కడ న్యూట్రాన్లు తగిలాక ఒక్కో లోహం తనదైన గామా కిరణాన్ని విడుస్తుంది. ఆ కిరణాలను పట్టి, ఏ లోహం ఎంత ఉందో లెక్కపెట్టే యంత్రం ముందు కూర్చునేది నేను. అక్క కడిగి పంపాలి, నేను లెక్కపెట్టాలి. ఆమె చేతిలో ఒక్క రవ్వ దుమ్ము పడినా నా లెక్క అంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇంకొక్క సంగతి. కొన్ని లోహాలకు తొందరెక్కువ. మాంగనీసు రెండున్నర గంటల్లో సగానికి చల్లారిపోతుంది, కాబట్టి దాన్ని ఆ రోజే లెక్కపెట్టాలి. క్రోమియం అలా కాదు. మిగతా లోహాల గోలంతా అణిగేదాకా మూడు వారాలు ఆగితే తప్ప దాని గొంతు వినపడదు. ఇది కాస్త గుర్తు పెట్టుకోండి. అక్క బతుకు అడ్డం తిరిగింది ఇక్కడే.

అక్కకు ఒక తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, ఈమెకు పద్దెనిమిది. పెళ్ళి మాట ఎవరెత్తినా "ఒకణ్ణి పెంచాను, చాలదా?" అని నోరు మూయించేది. వాడు టార్చిలైటు సెల్లులు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరాడు. పెళ్ళి చేసుకున్నాడు, ఒక కూతురు. అక్క మరిచిపోయిన కళ్ళజోడో, గొడుగో పట్టుకుని అప్పుడప్పుడూ మా గేటు దగ్గరికి వచ్చేవాడు. మనిషి భలే సరదా. నన్ను మిషనమ్మగారూ అని పిలిచేవాడు. "మిషనమ్మగారూ, మా అక్క మంచినీళ్ళు తాగే ముందు ఆ నీళ్ళని కూడా కడుగుతుంది, మీకు తెలుసా?" అని గేటు కాపలావాడు కూడా నవ్వేలా అనేవాడు. అక్క "పోరా వెధవా, డ్యూటీకి వేళయింది" అని వాణ్ణి కసిరేది. కసిరేటప్పుడు ఆ మొహం చూడాలి. మాకు ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా దక్కని మొహం అది.

ఒక ఏడాది మా ల్యాబుకు పెద్ద పని వచ్చింది. ఊరి చివర లోహాలు కరిగించే కొలిమి చుట్టూ ఉన్న జనం జుట్టులో ఆర్సెనిక్ ఎంతుందో చూడాలి. పోల్చి చూడటానికి కొలిమికి దూరంగా ఉండే మామూలు మనుషులు ముప్ఫై మంది కావాలి. ఏ పరిశోధన పత్రం తిరగేసినా "ఆరోగ్యవంతులైన సాధారణ వ్యక్తులు" అని ఉంటుంది చూడండి, వాళ్ళలో సగం మంది రాసినవాళ్ళ బావమరుదులూ తోడికోడళ్ళూ అయి ఉంటారని నా గట్టి నమ్మకం. మేమూ అంతే. నేను మా అత్తగారి జుట్టు తెచ్చాను. అక్క తన తమ్ముడిది తెచ్చింది. అదే ఏడో నంబరు. కాగితంలో ఉద్యోగం దగ్గర వాడు చెప్పినట్టే "ప్యాకింగ్" అని రాసింది.

జుట్టు కత్తిరించడానికి మా దగ్గర టైటానియం కత్తెర ఒక్కటే ఉండేది. మామూలు ఉక్కు కత్తెర వాడితే దాని లోహం వెంట్రుకలకు అంటుతుంది. ఆ ఆదివారం టైటానియం కత్తెరను కొలిమి దగ్గరికి వెళ్ళినవాళ్ళు పట్టుకుపోయారు. తమ్ముడికి మళ్ళీ నెల దాకా సెలవు లేదు. అక్క ఇంట్లో కుట్టు కత్తెర తీసి, దాన్ని పదిసార్లు కడిగి, వాడి మెడ వెనక నుంచి ఒక పాయ కత్తిరించింది. ఇంకెవరైనా ఆ పని చేసి ఉంటే వాళ్ళను మూడు నెలలు దెప్పేది. తనది కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఆ వారమంతా ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది.

లెక్క రోజున సీసాలు ఒక్కొక్కటే యంత్రంలో పెడుతున్నాను. మాంగనీసు గడిలో అందరికీ అర పాలు, ముప్పాతిక, మహా అయితే ఒకటిన్నర. ఏడో నంబరుకు ముప్ఫై ఎనిమిది. నేను పొరపాటేమో అని రెండోసారి పెట్టాను. మళ్ళీ అంతే.

"అక్కా, ఇదేంటో చూడు. మరీ ఇంత రాదు కదా" అన్నాను.

అక్క తెరవైపు ఒక్క క్షణం చూసింది. రెండో క్షణం చూడలేదు.

"కత్తెర" అంది. "నా కత్తెరే. నాకు బుద్ధి లేదు."

పరుగున వెళ్ళి రిజిస్టరు తెచ్చింది. ఏడో వరుస మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, పక్కన "ఉక్కు కత్తెర వల్ల మలినం. తొలగించాలి" అని రాసి సంతకం పెట్టింది. పెద్దసారు గదికి వెళ్ళి తప్పు ఒప్పేసుకుంది. ఆయన ఆ నెల మీటింగులో ఆమె నిజాయితీని మెచ్చుకున్నారు. తొలిసారి ఆమె కోసం అందరం చప్పట్లు కొట్టాం. ఇరవై తొమ్మిది మంది చాల్లే అనుకుని ముందుకెళ్ళిపోయాం.

తప్పు చేశానని ముందే కుమిలిపోతున్నవాళ్ళకు ఆ తప్పు తప్ప ఇంకే కారణమూ కంటికి ఆనదు. అక్కకు జరిగింది అదే. మరి నాకేమైంది? ఆ కత్తెర ఉక్కులో మాంగనీసు కంటే క్రోమియం ఎన్నో రెట్లు ఎక్కువ. నేరం కత్తెరదే అయితే మూడు వారాల తర్వాత ఆ సీసాలో క్రోమియం తన్నుకుని బయటికి రావాలి. రాకపోతే కత్తెర నిర్దోషి, మాంగనీసు ఆ మనిషి ఒంట్లోంచి వచ్చిందని అర్థం. మూడు వారాల తర్వాత మిగతా ఇరవై తొమ్మిది సీసాలనూ లెక్కకు పెట్టింది నేనే. ఏడోదాన్ని పెట్టలేదు. కొట్టేసినదాన్ని పెట్టడం దేనికి, పని దండగ అనుకున్నాను. పెట్టి ఉంటే అయ్యే ఆలస్యం గంటన్నర.

ఏళ్ళు గడిచాయి. కొలిమి గురించి మా పత్రానికి మంచి పేరొచ్చింది. అక్క తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి. తమ్ముడు గేటు దగ్గరికి రావడం తగ్గించాడు. వచ్చినా పాత హుషారు లేదు. ఒకసారి గొడుగు ఇవ్వబోయి రెండుసార్లు కింద పడేశాడు. మాట ముద్దగా వస్తోంది. "ఏంటయ్యా, పొద్దున్నే మొదలెట్టావా?" అని కాపలావాడు వేళాకోళమాడాడు. అక్క వినేసింది. ఆమె మొహం నల్లబడిపోయింది.

ఆ తర్వాత ఏ కబురొచ్చినా అలాంటిదే. బస్సు దిగుతూ పడ్డాడట. ఊరికే నవ్వాడట. పాప పుట్టినరోజుకు తెచ్చిన గాజు బొమ్మను చేజార్చి బద్దలు కొట్టాడట. చివరికి ఫ్యాక్టరీవాళ్ళు "మద్యం సేవించి పనిలోకి వస్తున్నాడు" అని కాగితం రాసి చేతిలో పెట్టి పంపేశారు. తాగలేదని వాడు మొత్తుకున్నాడు. తాగినవాడు చెప్పే మొదటి మాట అదే కదా అన్నారు అందరూ. నోటి దగ్గర వాసన రాలేదు. వాసన రాని రకాలు కూడా ఉంటాయని ఎవరో అక్క చెవిన వేశారు. ఈమె నమ్మేసింది. పది లక్షల పాళ్ళలో అర పాలు తేడా వస్తే ఒప్పుకోని మనిషి, ఎవరో దారిన పోయేవాడి మాటకు తలూపింది.

ఆ సాయంత్రం తమ్ముడి ఇంటికి వెళ్ళి, కూతురి ముందే వాడి చెంప పగలగొట్టింది. "నిన్ను ఇందుకు పెంచానారా?" అంది. మరదలినీ మేనకోడలినీ తన ఇంటికి తెచ్చేసుకుంది. పాపకు అప్పటికి పద్నాలుగేళ్ళు. "మీ నాన్న మాట ఈ ఇంట్లో ఎత్తొద్దు" అని మేనత్త చెప్పింది. ఆ పిల్ల ఎత్తలేదు. మూడేళ్ళు ఎత్తలేదు. బడి దరఖాస్తులో తండ్రి పేరు రాయాల్సిన చోట కూడా ఖాళీ వదిలేస్తే టీచరు పిలిచి అడిగిందట. ఈ ముక్క అక్కే నాకు చెప్పింది, అదేదో ఘనకార్యమన్నట్టు.

ఇక చెప్పక తప్పనిది చెప్తాను. మూడేళ్ళ తర్వాత తమ్ముడు నడిరోడ్డు మీద వెనక్కి అడుగేయబోయి వెల్లకిలా పడ్డాడు. తల పగిలి ఆసుపత్రిలో చేర్చారు. జేబులో అక్క పనిచేసేచోటి ఫోను నంబరు ఉంటే మా ల్యాబుకు కబురు పెట్టారు. "నేను రాను" అంది అక్క. పది నిమిషాలు సీసాలు కడిగింది. తర్వాత చేతులు తుడుచుకుని "నువ్వూ రా అమ్మాయ్" అంది.

నరాల డాక్టరు నా వయసు మనిషి. తమ్ముణ్ణి నిలబెట్టి "ముందుకు నడవండి" అన్నాడు. కాలి మునివేళ్ళ మీద, కోడి నడిచినట్టు నడిచాడు. "ఇప్పుడు వెనక్కి" అన్నాడు. వెనక్కి ఒక్క అడుగు వేయలేక కర్రలా ఒరిగిపోతుంటే నర్సు పట్టుకుంది. అప్పుడు నేను వాడి మొహం చూశాను. మూడేళ్ళలో ఏమైపోయిందది! కళ్ళు తెరిచే ఉన్నాయి, నోరు ఉంది, కానీ ఏ ఒక్కటీ కదలడం లేదు. నొప్పీ లేదు, సిగ్గూ లేదు, అక్కను చూసిన సంతోషమూ లేదు.

"జబ్బు వల్ల మొహం కండరాలు బిగిసిపోయాయి" అన్నాడు డాక్టరు. "లోపల అన్నీ అనిపిస్తాయి. పైకి రావు. ఇది తాగుడు కాదమ్మా. ఎక్కడ పనిచేసేవారు?"

"సెల్లుల ఫ్యాక్టరీ. ప్యాకింగులో" అంది అక్క.

"మిక్సింగులో" అన్నాడు తమ్ముడు. గొంతు సన్నగా, ఎగుడుదిగుళ్ళు లేకుండా వచ్చింది.

"ప్యాకింగ్ కదరా?"

"అది మొదట్లో. తర్వాత పదేళ్ళు మిక్సింగే. నల్ల పొడి కలిపేవాణ్ణి. నువ్వు గొడవ చేస్తావని చెప్పలేదక్కా."

సెల్లులో నల్ల పొడి అంటే ఏమిటో ఆ గదిలో మా ఇద్దరికీ ఒకరు చెప్పక్కర్లేదు. అది మాంగనీసు. అక్క బల్ల అంచు పట్టుకుంది. నేను ఆమె వైపు చూడలేకపోయాను, ఆమె నా వైపు చూడలేదు.

డాక్టరుకు మా సంగతి తెలియదు కాబట్టి తన ధోరణిలో చెప్పుకుపోయాడు. ఆ పొడిని ఏళ్ళ తరబడి పీలిస్తే మెదడులో చేరి ఇలా చేస్తుందట. కానీ పని మానేసి మూడేళ్ళయింది. నెత్తుట్లో ఉండదు, స్కానులోనూ ఆ జాడ చెరిగిపోతుంది, ఇప్పుడు పెరిగే జుట్టులోనూ దొరకదు. "నాకు అనుమానం ఉంది కానీ రుజువు లేదు. పనిలో ఉన్నప్పటి నమూనా ఏదైనా ఉంటే కాగితం మీద రాసిస్తాను. లేకపోతే ఆ తాగుబోతు ముద్ర నేనూ చెరపలేను."

"డాక్టరుగారూ" అంది అక్క. "మొదట్లోనే, పదకొండేళ్ళ కిందటే తెలిసి ఉంటే?"

"అప్పుడే ఆ పని మాన్పించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు."

"ఇప్పుడు తగ్గుతుందా?"

"తగ్గదమ్మా. పెరుగుతుంది" అన్నాడాయన.

బస్సు దిగి అక్క నేరుగా సామాను గదిలోకి వెళ్ళింది. కొట్టేసిన నమూనాలు పారేయమని రూలు. అక్క జన్మలో ఏదీ పారేసి ఎరగదు. మూడో అరలో, కాగితం కవరులో, ఏడో నంబరు జుట్టు మిగిలినది అలాగే ఉంది. పైన తేదీ, ఆమె చేతిరాత. నల్లగా, మెత్తగా, ముప్ఫై రెండేళ్ళ మనిషి జుట్టు. అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడి ఏడ్చింది. ఎంత గట్టిగా ఏడ్చిందంటే పక్క గదిలోంచి ఇద్దరు వచ్చి, చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు.

పెద్దసారుకు అన్నీ చెప్పాం. ఆయన చాలాసేపు నీళ్ళు నమిలారు. ఆయన రిటైరయ్యే ఏడాది అది. "మళ్ళీ లెక్కపెట్టండి, నేనొద్దనను. కానీ ఆ పాత రిజిస్టరు బయట పెట్టడం దేనికమ్మా? కొత్త నంబరు ఇచ్చేద్దాం. ఎర్ర గీత ఎవరూ చూడక్కర్లేదు."

"నంబరు మారిస్తే తేదీ పోతుంది సార్" అంది అక్క. "తేదీ పోతే మా వాడు తాగుబోతుగానే పోతాడు. ఆ గీత నేనే కొట్టాను, నాతోనే ఉండనివ్వండి."

మిగిలిన జుట్టును రెండు భాగాలు చేసింది. ఒక భాగాన్ని అలాగే సీసాలో పెట్టింది. రెండోదాన్ని మళ్ళీ మూడుసార్లు కడిగింది. పైన పడ్డ దుమ్మయితే కడిగితే తగ్గాలి. ఆ కడగడం చూశాను. పురిటిబిడ్డకు నీళ్ళు పోసినట్టు కడిగింది. మర్నాడు మాంగనీసు లెక్క వచ్చింది. కడగనిది ముప్ఫై ఎనిమిది, కడిగినది ముప్ఫై ఏడు. దుమ్ము కాదు. ఇక మిగిలింది కత్తెర. దానికి మూడు వారాలు ఆగాలి.

ఆ మూడు వారాలూ అక్క ఎలా బతికిందో నాకు తెలుసు, పక్కనే ఉన్నాను గనక. క్రోమియం కనిపిస్తే తప్పు కత్తెరది. పదకొండేళ్ళ కిందట తను కొట్టిన గీత సరైనదే. తను తమ్ముడికి ఏ ద్రోహమూ చేయలేదు, వాడు మాత్రం తాగుబోతుగానే మిగులుతాడు. క్రోమియం కనిపించకపోతే తమ్ముడి మాట నిజం. అప్పుడు వాడి రోగాన్ని ముందుగా చూసి, ఎర్ర సిరాతో కొట్టేసింది తోడబుట్టిన అక్కే అవుతుంది. ఎటు తిరిగినా ఒకరు మునగాలి. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఏది రావాలని కోరుకుంటున్నావక్కా?"

"ఏం కోరుకోకుండా లెక్కపెట్టు" అంది. "నేను కోరుకోవడం మానలేకపోతున్నాను. అందుకే నువ్వు పెట్టు" అంది. ఏది కోరుకుందో చెప్పలేదు. నేను మళ్ళీ అడగలేదు.

ఇరవై రెండో రోజు పొద్దున సీసాను యంత్రంలో పెట్టాను. క్రోమియం శిఖరం లేవాల్సిన చోట తెర మీద గీత చదునుగా సాగిపోయింది. గంట చూశాం, రెండు గంటలు చూశాం. మామూలు మనుషుల జుట్టులో ఉండే పిసరంత తప్ప ఏమీ లేదు.

"కత్తెర మంచిదే" అంది అక్క.

ఆ తర్వాత పనులన్నీ వరసగా జరిగిపోయాయి. అక్క రిపోర్టులో ఎర్ర గీత సంగతి, తన సంతకం సంగతి, మూడు వారాల తర్వాత సీసాను లెక్కకు పంపని సంగతి పూస గుచ్చినట్టు రాసింది. సీసా పంపనిది నేను అని రాయమంటే వినలేదు. "కొట్టేసింది నేనైతే పంపనిది నువ్వెలా అవుతావు?" అంది. తమ్ముడు అబద్ధమాడాడు, నేను బద్ధకించాను, అయినా తన వాటాలోంచి ఆమె ఎవరికీ చిటికెడు కూడా పంచలేదు. దీనికి ఇప్పటికీ నాకు ఆమె మీద కోపమే. డాక్టరు కాగితం రాసిచ్చాడు. నెల తిరక్కుండా ఫ్యాక్టరీ తన పాత కాగితాన్ని వెనక్కి తీసుకుంది.

మేనకోడలికి అక్క వంటింట్లో నిలబెట్టి చెప్పింది. ఆ పిల్లకు అప్పటికి పదిహేడు.

"అంటే నాన్న తాగలేదా?"

"తాగలేదమ్మా."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

"మరి నువ్వు కొట్టావు కదత్తా" అంది ఆ పిల్ల. లోపలికి వెళ్ళి చెప్పులేసుకుని వచ్చింది.

తమ్ముడు అద్దెకుంటున్న గదికి ముగ్గురం వెళ్ళాం. మధ్యాహ్నం. కిటికీ పక్కన చెక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో మరొకటి పెట్టుకున్నాడు. కూతురు గడప దగ్గరే ఆగిపోయింది. మరదలు రానంది. మూడేళ్ళు మాటలనిన నోటితో ఏమని పలకరించనని ఇంట్లోనే ఉండిపోయింది.

అక్క వాడి ముందు నేల మీద కూర్చుని, రిజిస్టరు తెరిచి, ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టి చెప్పింది. ఏమీ దాచలేదు. కత్తెర, ముప్ఫై ఎనిమిది, మీటింగులో చప్పట్లు, తను వేసిన చెంపదెబ్బ. డాక్టరు చెప్పినది కూడా. "అప్పుడే నీ పని మాన్పించి ఉంటే నువ్విలా అయ్యేవాడివి కాదురా. నా చేతిలోకి వచ్చింది. నేనే కొట్టేశాను."

"ఎప్పుడక్కా అది?"

"పదకొండేళ్ళయింది."

"అప్పుడు పాపకి ఆరేళ్ళు" అన్నాడు వాడు. "బడికి ఎత్తుకెళ్ళేవాణ్ణి. బాగానే నడిచేవాణ్ణి."

అక్క వాడి మొహంలోకి చూసింది. చూస్తూనే ఉంది. ఆ మొహంలో ఏమీ లేదు. కోపం లేదు, క్షమించడం లేదు, వినడం కూడా ఉన్నట్టు లేదు. ఆమె వాడి మోకాళ్ళు పట్టుకుని ఊపేసింది.

"ఒక్క మాట తిట్టరా. ఒక్కసారి కోప్పడు. అలా చూడకు, నేను తట్టుకోలేను."

"కోపం వచ్చిందక్కా" అన్నాడు వాడు, అదే సన్నటి, ఎగుడుదిగుళ్ళు లేని గొంతుతో. "చాలా వచ్చింది. మొహంలోకి రావడం లేదు."